జనవరి లేని జట్టు

అయినా నాలుగుకు నాలుగు గెలిచిన జట్టుని చూస్తుంటే లొయెల్ హెమ్‌స్ట్రాకి కడుపు నిండాలి గాని, ఇరవై ఆరేళ్లుగా తన కొలతకే అరిగిన మూడో వరస మెట్ల బెంచీ మీద, శనివారం మధ్యాహ్నం రెండున్నరకి, బయట నవంబరు ఆకాశం అంట్లు కడిగిన నీళ్ల రంగులో వేలాడుతుండగా, లోపల వెస్టర్‌బీ కాలేజీ ఆడపిల్లలు డన్‌మోర్ వాళ్లని బాస్కెట్‌బాల్‌లో పదకొండు పాయింట్ల తేడాతో ఉతికి ఆరేస్తుండగా ఈ గుబులేమిటి, కొంగలు అంటారు ఈ పిల్లల్ని, నీలం చొక్కా మీద ఒంటికాలి కొంగ బొమ్మ, ఒంటికాలి మీద నిలబడితే జపం అనుకుంటారు గాని గెలిచేటప్పుడు ఎవడికి కావాలి జపం, జనానికి కావలసింది బంతి, ఆ బంతి బుట్టలో పడాలి, బుట్టలో పడ్డది బంతో మనమో తర్వాత చూసుకోవచ్చు, ఈ మాట రేపు సెలూన్‌లో వాడాలి, అనుకున్నాడు లొయెల్, బాగానే ఉంది, ఓర్‌విక్ ఊరు మొత్తానికి ఉన్నది ఒక్కటే సెలూన్, అది తనది, నడిపేవాడి నెత్తి మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు, జట్టు మీద పెట్టిన శ్రద్ధ జుట్టు మీద పెట్టలేదని తన మీద తనే వేసుకునే జోకు, కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ కత్తిరింపుతో పాటు ఉచితం, ఒరే లొయెల్, కాస్త టోపీ పెట్టుకోరా, నీ గుండు మెరుపు కళ్లలో పడి ఆ పిల్ల ఫ్రీ త్రో తప్పింది, అని వెనక వరసలోంచి డ్వైట్ బోస్మా, ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలి చెవులు పోగొట్టుకున్నవాడు, పోయినవి చెవులే, నోరు పోలేదు, తప్పింది డన్‌మోర్ పిల్లేగా, మనకి మంచిదే, ఇంకాస్త నూనె రాసుకొస్తాను ఈసారి, అన్నాడు లొయెల్, చుట్టూ నవ్వులు, అందరూ నవ్వారు, పక్కన కూర్చున్న మార్నా తప్ప.

మార్నా తన పెళ్లాం, ఆరు రోజులుగా ఆమెతో తను మాట్లాడింది ఉప్పందుకో, తలుపు వెయ్యి, కారు నేను తీస్తాను, ఇంతే, ఓర్‌విక్‌లో నోరు మూతపడనివాడు అని పేరున్న తను సొంత ఇంట్లో మూగనోము పట్టాడు, అయినా ఆమె వచ్చింది, ఇరవై ఐదేళ్లు ఆట అంటే బంతి వెనక గొర్రెల మందలా పరిగెత్తడం అన్న మనిషి, ఈ ఏడు మొదటి ఆట నుంచీ ఒక్కటీ వదలకుండా వస్తోంది, వచ్చి ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆడే పిల్లల్నే కాదు, కట్టు కట్టుకుని బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని కూడా ఒక్కొక్కళ్లనే చూస్తుంది, పేర్లన్నీ తెలుసు, తెలియకేం, కాలేజీ రికార్డుల ఆఫీసులో పనాయె, ప్రతి పిల్ల మార్కులూ ఆమె చేతి మీదుగానే పోతాయి, ఈమధ్య ఇంటికి ఆలస్యంగా వస్తోంది, ఏమిటే అంటే పాత కాగితాలు సర్దుతున్నాం అంది, సర్దుకోనీ, ఈ ఏడు కాలేజీ మొత్తానికే సర్దుడు జబ్బు పట్టినట్టుంది, నేలకి ప్రతి వేసవిలో వేసే పాలిష్ వేయలేదు, అడుగు పడితే కీచుమనే చప్పుడు మారింది, మొక్కజొన్న పేలాల మిషను మూల ఉండేది, లేదు, దాని చోట నేల మీద నలుచదరపు మరక ఒక్కటే ఉంది, ఇక జేబులో పెట్టుకునే ఆటల పట్టిక కార్డు, ప్రతి ఏడూ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అచ్చు వేసేవాళ్లు, ఈసారి డిసెంబరు పదమూడుతో ఆపేశారు, మిగతాది తర్వాత ఇస్తాం అన్నారు, సగం కార్డు చూసి సెలూన్‌లో ఎంత నవ్వించాడు తను, కొంగకి ఇప్పటిదాకా ఒక కాలే ఉండేది, ఇప్పుడు ఆ కాలు కూడా మోకాలి దాకానే అన్నాడు, కుర్చీలో ఉన్న పోస్టుమాస్టరు నవ్వుకి తల కదిపితే చెవి మీద గీత కూడా పడింది.

అదుగో బ్రీటా, కింద మొదటి వరసలో, తన చెల్లెలి కూతురు, ఆరడుగులకి అంగుళం తక్కువ, పెద్ద యూనివర్సిటీలో చేరింది, ఇరవై వేలమంది చదివే చోట, అక్కడ ఏడాదిన్నరగా బెంచీ మీద కూర్చుని బెంచీని వెచ్చబెట్టడం తప్ప ఒక్క నిమిషం ఆడింది లేదు, ఆగస్టు నుంచీ దానికి ఫోన్ల మీద ఫోన్లు చేసింది తనే, ఇక్కడికి రావే, ఇక్కడ ప్రతి పిల్లా ఆడుతుంది, ఆడినదాని పేరు నా సెలూన్ నల్లబోర్డు మీద ఎక్కుతుంది, జనవరిలో చేరు, జనవరి నుంచీ ఆడు అని, కోచ్‌తో మాట్లాడింది తనే, కోచ్ ఎగిరి గంతేసింది, పైగా బ్రీటాతో హైస్కూల్లో ఆడిన అనికా ఇక్కడే ఉంది, పన్నెండో నంబరు, ఇద్దరూ కలిస్తే ఇక చూసుకో, అక్కడి సీటు వదులుకుంటున్నాను అనే ఉత్తరం బ్రీటా ఫోన్‌లో రాసి పెట్టుకుంది, ఇవాళ ఆట అయ్యాక మామయ్య ఊఁ అంటే నొక్కుతుంది, నొక్కితే అక్కడి సీటు పోతుంది, మళ్లీ రాదు, దాని కోసం నలభై మంది కాచుకుని ఉన్నారు, అంతా సవ్యంగా ఉందనగా పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, గొడ్డుమాంసం బంగాళాదుంపలతో ఉడికించి, బ్రీటాకి ఇష్టమని ఆపిల్ పై పిండివంట చేసి, అన్నీ వడ్డించి, మార్నా నోరు విప్పింది, హాస్టల్ నీళ్లు తుప్పు వాసన అంది, మంచి పంతుళ్లు ముగ్గురు వెళ్లిపోయారంది, ఆ కోచ్‌కి తనవాళ్లూ పరాయివాళ్లూ అనే తేడా ఉందంది, నిన్ను ఎక్కువ ఆడించదు బ్రీటా, నీకు అక్కడే బాగుంది, వెళ్లిపో అంది, వెళ్లిపో అన్న మాట అలా కంచంలో పడి ఉండిపోయింది, అత్తయ్యా నేను రావడం నీకు ఇష్టం లేదా అని ఆ పిల్ల అడిగితే, లేదు, అంది మార్నా, కళ్లెత్తకుండా, నా చెల్లెలి కూతురు నీకేం అన్యాయం చేసిందే, దాన్ని చూస్తే నీకెందుకు కడుపుమంట అని తను అరిచాడు, ఆమె లేచి గిన్నెలు తీసింది, అంతే, ఆరు రోజులు.

గంట మోగింది, సగం ఆట అయింది, ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు, పిల్లలు లోపలికి వెళ్లారు, లొయెల్ ఫోన్ తీశాడు, ఇది తన అసలు వ్యసనం, లీగ్‌లో ఉన్న కాలేజీలు తొమ్మిది, తొమ్మిదింటి అభిమానులూ కలిసి రాసుకునే చోటొకటి ఉంది ఫోన్‌లో, పెద్ద పేపర్లు కన్నెత్తి చూడని ఆటలకి వాళ్లే పేపరు, ఎవరు ఎక్కడున్నా స్కోరు పెట్టాలి, కార్మోడీ ఓడిపోతోందట, మా సెంటర్ పిల్ల నిన్న పెళ్లి విందులో కేకు తిన్నట్టే ఆడుతోంది అని అక్కడివాడెవడో ఏడుస్తున్నాడు, లోథ్రప్ తొమ్మిది పాయింట్ల వెనక, కొంగల సంగతేమిటి లొయెల్ అని ఎవరో అడిగారు, కొంగలు చేపలు తింటున్నాయి, ముళ్లు మీకు పంపుతాం అని కొట్టాడు, నవ్వులు వచ్చిపడ్డాయి, సరే, ఇప్పుడు బ్రీటా కోసం ఒక పని, జనవరిలో అది ఆడబోయే ఆటలన్నీ ఒక కాగితం మీద రాసిస్తే ఆట అయ్యాక చేతిలో పెట్టచ్చు, ప్రతి ఏడూ సెలూన్ గోడకి తను రాసే పెద్ద పట్టిక కూడా ఇంకా డిసెంబరు దగ్గరే ఆగి ఉంది, వెస్టర్‌బీ పేజీలో జనవరి అంతా బానే ఉంది, నాలుగో తారీకు సెయింట్ ఆల్డ్రిక్ మీద, అక్కడ, ఎన్ని గంటలకో రాయలేదు, గంట కావాలంటే వాళ్ల పేజీ చూడాలి, ఎవరి ఆటల పట్టిక వాళ్లే పెట్టుకుంటారు, నవంబరులో కూర్చుని అవతలివాడి జనవరి పేజీ తెరిచే పిచ్చివాడు తొమ్మిది కాలేజీల్లోనూ ఒక్కడే, తెరిచాడు, సెయింట్ ఆల్డ్రిక్, జనవరి నాలుగు, సొంత ఊళ్లో ఆట, ఎవరి మీద, ఎవరో మిల్‌ఫోర్డ్ స్టేట్ అట, వెస్టర్‌బీ కాదు, తారీకు తప్పు వేసుకున్నారు వెధవలు, వీళ్లకి ఏడాదికొకసారి క్యాలెండరుకి కూడా క్షవరం చేయాలి, ఎనిమిదో తారీకు కార్మోడీ, తెరిచాడు, ఆ రోజు కార్మోడీకి ఆట ఉంది, ఇంకెవరితోనో, పదకొండు లోథ్రప్, తెరిచాడు, ఖాళీ, విశ్రాంతి అని ఉంది, పదిహేను ప్రెంటిస్ హిల్, తెరిచే ముందే బొటనవేలు చల్లబడింది, అయినా తెరిచాడు, ఆ రోజు వాళ్లు ఎక్కడో మూడు వందల మైళ్ల దూరంలో ఆడుతున్నారు, ఒకడు తప్పు రాస్తే తప్పు, నలుగురు ఒకే తప్పు రాస్తే, ఒకరికొకరు చెప్పకుండా, ఎనిమిది మందీ, అవును ఎనిమిదీ తెరిచాడు, ఫిబ్రవరి కూడా, ఎనిమిది పేజీల్లో ఎక్కడా కొంగ లేదు, కొత్త సంవత్సరం మొత్తంలో వెస్టర్‌బీ అనే కాలేజీ ఒక్కరి మీదా ఆడటం లేదు, అందరి జనవరిలోంచీ ఎవరో మెల్లగా, చప్పుడు లేకుండా, కత్తెర పెట్టి కత్తిరించేశారు, తను కత్తిరించేవాడే కదా, కత్తెర పడిన చోటు చూస్తే తెలుస్తుంది, ఇది వంకర కోత కాదు, శుభ్రంగా, కొలిచి, సమంగా కత్తిరించిన కోత.

పిల్లలు తిరిగొచ్చారు, జనం లేచి చప్పట్లు, డ్వైట్ తన భుజం మీద చరిచాడు, ఏంరా మొహం అలా పెట్టావ్, గెలుస్తుంటే కూడా నీకు గ్యాసేనా, అన్నాడు, జోకు నోటిదాకా వచ్చింది, మింగాడు, మార్నా వైపు తిరగకుండా, కోర్టు వైపే చూస్తూ, ఆరు రోజుల తర్వాత మొదటి మాట, మార్నా, జనవరిలో మన కొంగలు ఎక్కడికే వలస పోతున్నాయి, అన్నాడు, జోకులా అందామనే అన్నాడు, ఫోన్ ఆమె ఒళ్లో చేతుల మీద పెట్టాడు, ఆమె ఒక పేజీ చూసింది, రెండోది చూడలేదు, ఏమిటి అనలేదు, ఏదో తప్పయి ఉంటుందిలే అనలేదు, ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే, ఇది ఎవరికైనా చూపించావా, అంది, అప్పుడు నేల కిందికి జారింది, పాలిష్ లేని నేల, లేదు అన్నాడు, చూపించకు అంది, ఎప్పట్నుంచి, అన్నాడు, ఆట చూడు లొయెల్, ఎప్పట్నుంచి మార్నా, సెప్టెంబరు, అంది, పెదాలు కదపకుండా, ఎదురుగా పన్నెండో నంబరు అనికా బంతి లాక్కుని పరిగెత్తుతోంది, హాలంతా లేచి నిలబడింది, వాళ్లిద్దరూ మాత్రం కూర్చునే ఉన్నారు, చుట్టూ నిలబడిన కాళ్ల అడవిలో, ఆ చీకట్లో ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది, పరీక్షలు పన్నెండున అయిపోతాయి, ఆఖరి ఆట పదమూడున, పదిహేనున చెబుతారు, కాలేజీ మూసేస్తున్నారు, పూర్తిగా, లీగ్‌లో మిగతా కాలేజీలకి మాత్రం గుట్టుగా చెప్పారు, అంది, పరీక్షల ముందు తెలిస్తే సగం మంది పెట్టె సర్దుకుని పోతారు లొయెల్, మార్కులు ఉండవు, మార్కులు లేని పిల్లని ఎవరూ తీసుకోరు, రెండు కాలేజీలు మన పిల్లల్ని అందరినీ కలిపి తీసుకుంటామంటున్నాయి, ఇంకా సంతకం పెట్టలేదు, ఈలోపు బయటపడితే పెట్టరు, ఒక్కొక్కరి కాగితాలూ నేనే సర్దుతున్నాను, మూడు వందల పన్నెండు మంది, అంది.

అందరూ కూర్చున్నారు, వెలుగు వచ్చింది, లొయెల్ అటూ ఇటూ చూశాడు, ఇందాకటి హాలే, ఇందాకటి మనుషులే, డ్వైట్ పొగలు కక్కే కాఫీని ఊదుకుంటున్నాడు, ఎదురు వరసలో పిల్లల తల్లులు నీలం ఊలు టోపీలు పెట్టుకుని తలలు ఊపుతున్నారు, ఒకామె ఒళ్లో వచ్చే ఏడాదికి అల్లుతున్న టోపీ, వచ్చే ఏడాదికి, ఇంతమందిలో తెలిసినవాళ్లు ఇద్దరు, తనూ పెళ్లామూ, తెలియకపోవడం ఎంత తేలిగ్గా ఉంటుందో అరగంట కింద వరకూ తనకీ తెలుసు, స్కోరు పెరుగుతోంది, యాభై రెండు, ముప్పై ఆరు, ఒక్కో బుట్టకీ కేక, ఒక్కో కేకా మేకు కొట్టిన చప్పుడులా, లేచి అరవాలనిపించింది, ఆపండి అని, అందరినీ పిలిచి ఫోన్ చూపించాలనిపించింది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, తన నోట్లో పడ్డ మాట సెలూన్ గుమ్మం దాటడానికి ఒక గడ్డం గీసినంత సేపు చాలు, అందుకే కదా మార్నా చెప్పలేదు, అనుకుంటే ఒళ్లు మండింది, ఇరవై ఐదేళ్లు పక్కన పడుకున్నవాణ్ణి నమ్మలేదన్న మాట, బావుంది, మరి బ్రీటా, బ్రీటా, అయ్యో, మొదటి వరసలో ఆ పిల్ల ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంది, ఆ పిల్ల ఇక్కడి మూడు వందల పన్నెండు మందిలో లేదు, ఆ పిల్ల కాగితాలు ఎవరూ సర్దటం లేదు, నొక్కిందా, అక్కడి సీటు పోతుంది, ఇక్కడ చేరబోయే కాలేజీ ఉండదు, నడి చదువులో, నడిరోడ్డు మీద, ఆరడుగుల పిల్ల, నిలబెట్టింది ఎవరు, మామయ్య, ఆగస్టు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఆదివారం భోజనాల బల్ల దగ్గర మార్నా వంచిన తల ఇప్పుడు మళ్లీ కనబడింది, కడుపుమంట అన్నాడు తను, కడుపుమంట, ఆపిల్ పై చేసి పెట్టి మరీ వెళ్లిపో అన్న మనిషిని, దానికొక్కదానికి చెబితే, అన్నాడు గొణుగుతూ, చెబితే అనికాకి చెప్పకుండా ఉంటుందా, అంది మార్నా, ఇద్దరూ ఒకే కంచంలో తిన్న పిల్లలు, అనికాకి తెలిస్తే రాత్రికి జట్టుకి తెలుస్తుంది, నేను చేతనైనంత చేశాను లొయెల్, అది నా మాట వినదు, నీ మాట వింటుంది, అంది.

గంట మోగింది, డెబ్బై ఒకటి, యాభై, అయిదుకు అయిదు, వెస్టర్‌బీ పుట్టి నూట ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేదట, మైకులో చెప్పారు, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు, బ్రీటా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వస్తోంది, మొహం వెలిగిపోతోంది, మామయ్యా చూశావా అనికాని, ఇంకో చెయ్యి తోడుంటే ఇరవై కాదు నలభై తేడా, నొక్కెయ్యనా, అంది, బొటనవేలు ఫోన్ మీద ఉంది, హాస్టల్ నీళ్లు వాసన అంటే ఈ పిల్ల ముక్కు మూసుకుని తాగుతుంది, పంతుళ్లు లేరంటే తనే చదువుకుంటుంది, ఈ పిల్లని ఆపగలిగేది ఒక్కటే, దాన్ని ఎక్కడ కొడితే ఆగుతుందో తెలిసినవాడు ఈ హాల్లో ఒక్కడే, నొక్కకు, అన్నాడు లొయెల్, ఎందుకూ అంది నవ్వుతూ, జోకు కోసం ఎదురు చూస్తూ, ప్రతిసారీ మాట చివర జోకు ఉంటుంది కదా, ఇవాళ కూర్చుని చూశానే బ్రీటా, అన్నాడు, వీళ్ల వేగం నీకు లేదు, అక్కడ నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టినవాళ్లు పిచ్చివాళ్లు కాదు, వీళ్లు గెలుస్తున్నారు, మధ్యలో నువ్వొస్తే చెడిపోతుంది, ఆశ పెట్టడం నాదే తప్పు, అన్నాడు, బ్రీటా ఇంకా కాసేపు నవ్వుతూనే ఉంది, నవ్వుని ఎక్కడ దింపుకోవాలో తెలియనట్టు, నిజంగానే అంటున్నావా మామయ్యా, అంది, నిజంగానే, అన్నాడు, ఆ పిల్ల మార్నా వైపు చూసింది, నువ్వే ఎక్కించావు కదూ అత్తయ్యా, అంది మెల్లగా, ఫోన్ కోటు జేబులోకి వెళ్లింది, జిప్పు మూసుకుంది, ఆరడుగులకి అంగుళం తక్కువ పిల్ల ఇంకో నాలుగంగుళాలు తగ్గి మెట్లు ఒక్కొక్కటే దిగిపోయింది, అనికా చెయ్యి ఊపుతున్నా చూడకుండా తలుపు తోసుకుని ఆ బూడిద వెలుతురులోకి.

ఏమన్నావురా దాన్ని, ఏడుస్తూ పోతోంది, అన్నాడు డ్వైట్, ఉన్నమాట అన్నాను, అన్నాడు లొయెల్, నువ్వూ ఒక మామయ్యవేనా, సొంత చెల్లెలి కూతురు, గెలిచిన పూట, అని డ్వైట్ మొహం తిప్పుకున్నాడు, పక్కవాడికి చెప్పాడు, పక్కవాడు తన వైపు చూశాడు, చూడనీ, సోమవారానికి ఊరంతా ఈ చూపే చూస్తుంది, చెల్లెలు ఫోన్ చేస్తుంది, చేయనీ, డిసెంబరు పదిహేను దాకా ఎవరెన్ని అన్నా తను ఒక్కటీ తిప్పికొట్టలేడు, కుర్చీ ఎక్కినవాడల్లా ఈసారి కప్పు మనదే కదా లొయెల్ అంటాడు, తను ఊఁ కొడుతూ కత్తెర ఆడించాలి, జనవరి గురించి జోకు వేయమంటారు, వేయాలి, మార్నా తన చేతిని తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది, పన్నెండు వారాలు ఈ గుట్టుని మోసిన చెయ్యి, ఆరు రోజులు తన మొహం మాడ్చుకోవడాన్నీ దాంతోపాటే మోసిన చెయ్యి, ప్రతి ఆటకీ వచ్చి పక్కన కూర్చుని, తన పాత జోకులకి నవ్వకపోయినా తను వాటిని వేస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని వినేది, ఎందుకో అర్థమయ్యేది కాదు, హాలు ఖాళీ అవుతోంది, ఎవరో దీపాలు ఒక్కొక్క వరసే ఆర్పుకుంటూ వస్తున్నారు, మార్నా, అన్నాడు, ఇంకో మాట కోసం వెతికాడు, ఎప్పుడూ పది మాటలు కాచుకుని ఉండే చోట ఒక్కటీ లేదు, అప్పుడు తెలిసింది లొయెల్‌కి, ఈ నోరు ఆగదని భయపడి కాదు ఆమె ఇన్నాళ్లూ చెప్పనిది, ఒకసారి ఆగితే మళ్లీ ఆడదేమోనని.